ఇబాదత్‌ఖానా తీర్పు తరువాత: ఆమె పేరున మాట్లాడుతున్నది ఎవరు?

నాంపల్లి పాఠకుడు (చర్చను ప్రారంభించినవారు)

హైదరాబాద్ పాతబస్తీ దారుల్‌షిఫాలోని ఇబాదత్‌ఖానా అనే షియా ప్రార్థనామందిరంలో అఖ్బారీ శాఖ షియా స్త్రీలు మజ్లిస్‌లు (సంతాప సభలు), జష్న్‌లు (వేడుకలు), ప్రార్థనలు జరుపుకోవచ్చునని తెలంగాణ హైకోర్టు 2023 డిసెంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 2024 జూలైలో ఇచ్చిన తుది తీర్పులోనూ అదే నిలబెట్టింది. షియాలలోనే మరో శాఖ అయిన ఉసూలీ స్త్రీలకు ఉన్న అనుమతి అఖ్బారీ స్త్రీలకు మాత్రం ఎందుకు ఉండకూడదన్న ప్రశ్నకు నిలబడే జవాబు రాలేదు. ఆ తీర్పు గురించి ఈ మధ్య మళ్లీ చదువుతుంటే, ఆ వార్త వచ్చిన రోజున మా కాలనీ వాట్సాప్ బృందంలో అర్ధరాత్రి దాకా నడిచిన వాదన గుర్తుకు వచ్చింది. మాట్లాడినవాళ్లందరూ మగవాళ్లే, వాళ్లలో నేనూ ఒకణ్ణి. షియా స్త్రీలకు ఏది మంచిదో, ఇస్లాం ఏమి చెబుతుందో, రాజ్యాంగం ఏమి చెబుతుందో మేమే తేల్చేశాము. బృందంలో ఉన్న ఇద్దరు ముస్లిం సోదరీమణులు ఆ రాత్రి ఒక్క అక్షరం రాయలేదు. వాళ్లను అడగాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు.

ఆ తప్పు మళ్లీ జరగకూడదని ఈ చర్చకు ఒక షరతు పెడుతున్నాను. మతం, స్త్రీ, రాజకీయం గురించి ఇక్కడ రాసేవారు ముందుగా తమ మతం గురించి, వీలైతే తమ ఇంటి గురించి రాయాలి. ఎదుటివారి మతం ప్రస్తావన ఆ తరువాతనే. దయచేసి ఈ ఒక్కటీ పాటించండి.

నూర్‌ఖాన్ బజార్ టీచర్

అన్నగారూ, మీరు చెప్పిన ఆ ఇద్దరిలాంటి దాన్నే నేను. ప్రభుత్వ పాఠశాలలో పిల్లలకు తెలుగులో లెక్కలు చెబుతాను, ఇంట్లో ఉర్దూ మాట్లాడతాను. మా ఇంటి నుంచి ఇబాదత్‌ఖానా నడిచి వెళ్లేంత దూరం.

బయటివారికి ముందుగా ఒక సంగతి తెలియాలి. మా ఆడవాళ్లకు మజ్లిస్ కొత్త కాదు. ముహర్రం రోజుల్లో పాతబస్తీ ఇళ్లలో ఆడవాళ్ల మజ్లిస్‌లు వేరుగా జరుగుతాయి, వాటిలో కర్బలా గాథ చదివే జాకిరా కూడా స్త్రీయే. మా అమ్మమ్మ చదివితే గోడ అవతల ఉన్న మగవాళ్లు కూడా ఏడ్చేవారని మా అమ్మ చెప్పేది. పదవ రోజున ఏనుగు మీద సాగే బీబీకా ఆలం (పవిత్ర ధ్వజం) ప్రవక్త కూతురు హజ్రత్ ఫాతిమా పేరున ఉన్నది, దానిని కుతుబ్‌షాహీల కాలంలో నెలకొల్పినది కూడా రాణి హయాత్ బక్షీ బేగమేనని ఈ ఊరు చెప్పుకుంటుంది. అటువంటి చోట ఆడవాళ్లు ప్రార్థించవచ్చునా అన్న ప్రశ్నకు అర్థం లేదు. అసలు తగవు తాళంచెవి గురించి. వక్ఫ్ స్థలం ఎవరి చేతిలో ఉండాలి, ఏ రోజు, ఏ వేళ ఎవరికి తెరవాలి అన్నది నిర్ణయించే కమిటీలో ఆడవాళ్లు లేరు. మావాళ్లు కోర్టుకు వెళ్లి కొత్త మతమేమీ అడగలేదు, తలుపు తెరవమని అడిగారు.

తీర్పు వచ్చాక నాకు రెండు రకాల మాటలు వినిపించాయి. స్టాఫ్‌రూములో ఒకరు అభినందించి, ఆ వెంటనే "చూశారా, మీ మతంలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో" అన్నారు. మా బంధువుల్లో ఒక పెద్దాయన, ఇంటి మాట కోర్టుకు ఎక్కించి కౌమ్ (మన సమాజం) పరువు తీశారని బాధపడ్డారు. లోపల ఆడవాళ్లు వజూ (ప్రార్థనకు ముందు చేతులు, ముఖం, కాళ్లు కడుక్కోవడం) చేసుకోవడానికి వేరుగా చోటు ఉందా, మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మలు మెట్లు ఎక్కగలరా అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. నాకు కావలసిన మాటలు అవే.

మాలధారి, అంబర్‌పేట

షరతు న్యాయమైనదే, కాబట్టి నా గురించే రాస్తాను. నేను పద్నాలుగేళ్లుగా అయ్యప్ప మాల వేస్తున్నాను. శబరిమలలోకి అన్ని వయసుల స్త్రీలను అనుమతించాలని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 28న 4-1 ఆధిక్యంతో తీర్పు చెప్పినప్పుడు నేను నిజంగా బాధపడ్డాను. స్త్రీ పట్ల ద్వేషం అందుకు కారణం కాదు. అక్కడ కొలువైన స్వామి నైష్ఠిక బ్రహ్మచారి, ఆ వ్రతాన్ని గౌరవించడం ఆ ఒక్క క్షేత్రానికి సంబంధించిన నియమం. ఇదే స్వామికి ఊరూరా ఉన్న గుళ్లలో స్త్రీలకు అడ్డు లేదు. ఆ ధర్మాసనంలో భిన్నాభిప్రాయం రాసిన ఏకైక న్యాయమూర్తి ఇందు మల్హోత్రా స్త్రీయే. సతీసహగమనం వంటి దురాచారమైతే తప్ప, భక్తుల విశ్వాసం హేతుబద్ధమా కాదా అని కోర్టు తూచకూడదని ఆమె రాశారు.

నూర్‌ఖాన్ బజార్ టీచర్ గారు చెప్పిన కేసులో తలుపు తట్టినవారు ఆ ఇంటి ఆడపడుచులు. శబరిమల కేసు వేసినది న్యాయవాదుల సంఘం. ఈ తేడా చిన్నది కాదని నా అభిప్రాయం. ఇక రాజకీయం సంగతి: తీర్పు వచ్చిన మొదటి రోజుల్లో దానిని ఆహ్వానించినవారు కేరళ వీధుల్లో జనాన్ని చూశాక కొద్ది వారాల్లోనే మాట మార్చుకున్నారు. 2019 జనవరి 1న రాష్ట్ర ప్రభుత్వమే పూనుకొని జాతీయ రహదారి పొడవునా స్త్రీలను వరుసగా నిలబెట్టి మానవ గోడ కట్టించింది. ఆ గోడలో నిలబడినవారినీ, యాభై ఏళ్లు దాటేదాకా గుడికి వెళ్లకుండా వేచి ఉంటామని ప్రకటించిన భక్తురాళ్లనూ తమ తమ పక్షానికి లెక్క వేసుకున్నారే తప్ప, ఆ రెండు గుంపుల ఆడవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించిన నాయకుడు నాకు కనబడలేదు.

సుల్తాన్‌బజార్

అంబర్‌పేట అన్నగారికి నమస్కారం. మీ మాటలో నిజాయితీ ఉన్నది, అందుకే నేనూ దాచకుండా రాస్తున్నాను. మా ఆయన పదకొండేళ్లు మాల వేశారు. నలభై ఒక్క రోజులూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి, తలస్నానం చేసి, మడితో భిక్ష వండింది నేను. నెలసరి వచ్చిన రోజుల్లో పసిపిల్లను చంకనేసుకొని మలక్‌పేటలో మా అక్క ఇంటికి వెళ్లిపోయేదాన్ని. ఒక ఏడాది అక్కవాళ్లు ఊళ్లో లేరు. ఆ మూడు రోజులు మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కనున్న చిన్న గదిలో, డిసెంబరు చలిలో ఉన్నాను. స్వామి మీద నాకు ఈనాటికీ భక్తి తగ్గలేదు.

శబరిమలకు వెళ్లాలని నాకు కోరిక లేదు. కానీ "భక్తురాళ్లు ఎవరూ అడగలేదు" అని అనకండి. నన్ను ఎవరూ అడగలేదు కాబట్టి నేనేమీ అడగలేదని మీరు అనుకున్నారు.

మాలధారి, అంబర్‌పేట

అమ్మా, మీరు రాసినది మా ఇంట్లో మా ఆవిడ చేత చదివించాను. ఆమె చదివి, ఫోను నా చేతికిచ్చి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లింది. మా ఇంట్లోనూ అదే జరిగింది, జరుగుతూనే ఉన్నది. దీక్ష నాది అనుకున్నాను, దాని బరువు ఎవరు మోస్తున్నారో చూడలేదు. గుడి నియమాన్ని కోర్టు మార్చకూడదన్న నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. నా ఇంటి నియమం మాత్రం నేనే మార్చగలను, ఈ కార్తీకం నుంచి మారుస్తాను.

వకీలు, పురానీహవేలీ

కుటుంబ న్యాయస్థానంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్నాను, పుట్టుకతో హిందువును. నా కక్షిదారుల్లో సగానికి పైగా ముస్లిం స్త్రీలు కాబట్టి, సభ్యులు అనుమతిస్తే, వారి కాగితాల్లో నేను చూసినదే రాస్తాను.

భర్త విడాకులిచ్చిన షాబానో పేరు చాలామందికి తెలుసు, ఆమెకు దక్కిన భరణం ఎంతో తెలియదు. మధ్యప్రదేశ్ హైకోర్టు ఆమెకు నిర్ణయించిన భరణం నెలకు 179 రూపాయల 20 పైసలు. 1985 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దానిని ఖరారు చేసింది. ఆ తీర్పు మీద ఆందోళన చెలరేగగానే 1986 మే నెలలో పార్లమెంటు ముస్లిం స్త్రీల కోసం వేరే చట్టం చేసింది. అంతకు మూడు నెలల ముందే, ఫిబ్రవరి 1న, అయోధ్యలో హిందువుల పూజల కోసం బాబ్రీ మసీదు తాళాలు తెరిచారు. ఒక మతం పెద్దలను మెప్పించిన చేత్తోనే రెండో మతం పెద్దలనూ మెప్పించారని ఆనాటి నుంచీ వినిపిస్తున్న విమర్శను నేను కొట్టివేయలేను. ఆ డెబ్బై ఏళ్ల ముసలామె బియ్యం, మందుల ఖర్చు ఆ లెక్కలో ఎక్కడా లేదు.

2001లో డానియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు ఆ 1986 చట్టాన్ని కొట్టివేయకుండానే, ఇద్దత్ కాలంలోపు (విడాకుల తరువాత స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఆగవలసిన గడువు) భర్త ఆమె భవిష్యత్తుకు కూడా సరిపడే ఏర్పాటు చేయాలని అర్థం చెప్పింది. 2017 ఆగస్టు 22న ఒకే ఊపులో చెప్పే మూడు తలాక్‌లు చెల్లవని 3-2 ఆధిక్యంతో తీర్పు వచ్చింది. 2019లో అలా చెప్పడాన్ని మూడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరంగా చట్టం చేశారు. నా బల్ల ముందు కూర్చునే ఆడవాళ్లకు ఈ చివరిది పెద్దగా ఉపయోగపడలేదు. భర్త జైలుకు పోతే భరణం ఎవరిస్తారని వాళ్లే నన్ను అడుగుతారు. తలాక్ అన్న మాటే అనకుండా భార్యను వదిలేసి పోయిన భర్తలు అన్ని మతాల్లోనూ ఉన్నారు. అలా వదిలేయడాన్ని ఏ మతంవారికీ నేరంగా చేయలేదు, చెల్లని ఒక మాట పలికినందుకు మాత్రం ఒక మతం మగవాడికి జైలు. సంస్కరణ అన్నది అందరు మగవాళ్ల మీదా ఒకే బరువు పెట్టకపోతే, రక్షణ పొందవలసిన ఆమె కూడా దానిని తన కౌమ్ మీద జరిగిన దాడిగానే చూస్తుంది. ఆ స్థితిలో ఆమెను నేను తప్పు పట్టలేను.

మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే 2024 జూలై 10న సుప్రీంకోర్టు మరొక మాట స్పష్టం చేసింది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా నేర విచారణ స్మృతి 125వ సెక్షన్ కింద భరణం కోరవచ్చు, 1986 చట్టం దానికి అడ్డు కాదు. ఆ కేసులో కుటుంబ న్యాయస్థానం నెలకు 20,000 ఇమ్మంటే, మన హైకోర్టు 10,000కు తగ్గించింది. ఆ పదివేలు కూడా ఇవ్వనని భర్త ఢిల్లీ దాకా వెళ్లాడు. ఆ 125వ సెక్షనే ఇప్పుడు కొత్త స్మృతిలో 144వ సెక్షన్.

కొత్త సభ్యుడు, కూకట్‌పల్లి

ఇంత చర్చ ఎందుకండీ? ఉమ్మడి పౌరస్మృతి తెస్తే ఈ సమస్యలన్నీ ఒక్క దెబ్బతో పోతాయి. అడ్డుపడుతున్నది ఎవరో అందరికీ తెలుసు.

నాంపల్లి పాఠకుడు

కూకట్‌పల్లి గారూ, స్వాగతం. షరతు మీకూ వర్తిస్తుంది. ముందు మీ ఇంటి సంగతి. మీ చెల్లెళ్లకో, అక్కలకో మీ నాన్నగారి ఆస్తిలో వాటా ఇచ్చారా?

కొత్త సభ్యుడు, కూకట్‌పల్లి

మా చెల్లికి పెళ్లప్పుడే కట్నం, బంగారం ఇచ్చాము. పొలం విషయంలో ఆమే ఇష్టపడి సంతకం పెట్టింది.

సుల్తాన్‌బజార్

తమ్ముడూ, ఆ సంతకం నేనూ పెట్టాను. దానిని హక్కు విడుదల పత్రం అంటారు. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో చెట్టు కింద మా అన్న నాకు కొబ్బరినీళ్లు ఇప్పించి, పత్రం చేతిలో పెట్టాడు. అది రాఖీ పండుగకు సరిగ్గా వారం ముందు. పెట్టనంటే పుట్టింటి దారి మూసుకుపోతుందని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. పసుపుకుంకుమ కింద ఒక పట్టుచీర, పదివేలు ఇచ్చారు. నేను "ఇష్టపడి"నే పెట్టానని ఆ పత్రంలో రాసి ఉన్నది.

వకీలు, పురానీహవేలీ

ఇక్కడ తెలుగువాళ్లు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉన్నది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి పుట్టుకతో సమాన హక్కు ఇవ్వడంలో దేశం కంటే మనం ఇరవై ఏళ్లు ముందు నడిచాము. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. కేంద్ర చట్టం 2005 సెప్టెంబరు 9న ఆ తేడాను తీసివేసింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉన్నా లేకున్నా కూతురి హక్కు హక్కేనని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం ఇంత దూరం వచ్చింది, కొబ్బరినీళ్ల దగ్గర ఆగిపోయింది.

ఉమ్మడి స్మృతికి అడ్డుపడినవారి గురించి కూకట్‌పల్లి గారు అడిగారు. హిందూ స్త్రీకి విడాకులు, ఆస్తి హక్కు ఇవ్వాలన్న హిందూ కోడ్ బిల్లు పార్లమెంటులో ముందుకు సాగలేదు. 1951లో అంబేద్కర్ మంత్రిపదవికి రాజీనామా చేయడానికి అది ఒక ముఖ్య కారణం. ఆనాడు ధర్మం నాశనమవుతుందని వాదించినది హిందూ పెద్దలే. ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి 27 నుంచి ఉమ్మడి స్మృతి అమలులోకి వచ్చింది. షెడ్యూల్డు తెగలను దాని పరిధి నుంచి తప్పించారు. పెళ్లి లేకుండా కలిసి జీవించేవారు ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోకపోతే జైలుశిక్ష ఉన్నది. కులం దాటి ప్రేమించిన అమ్మాయి జాడ తండ్రికి, ఊరికి ఈ నమోదు ద్వారా చేరితే ఏమవుతుందో తెలుగునాట మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అందరికీ ఒకే చట్టం అన్న మాటను నేను వ్యతిరేకించను. ఆ చట్టాన్ని ఎవరిని అడిగి రాశారు అన్నదే నా ప్రశ్న.

కొత్త సభ్యుడు, కూకట్‌పల్లి

పొలం సంగతి మా చెల్లితో మాట్లాడి వచ్చి రాస్తాను.

మెట్టుగూడ

మా క్రైస్తవుల సంగతి క్లుప్తంగా చెబుతాను. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం భర్త అయితే భార్య వ్యభిచారాన్ని నిరూపిస్తే చాలు, భార్య మాత్రం భర్త వ్యభిచారంతోపాటు క్రూరత్వమో, పరిత్యాగమో కూడా నిరూపించాలి. మా పెద్దమ్మ రోజూ దెబ్బలు తిన్నది, కానీ దెబ్బలు ఒక్కటే చాలవని అప్పటి చట్టం. ఆ నిబంధన మారినది 2001లో. పాస్టరు గారు ఆమెకు చెప్పినది ఓర్చుకొని ప్రార్థించమని. మరోపక్క, దక్షిణ ఇండియా సంఘంలో మొట్టమొదటి మహిళా బిషప్ మన తెలుగు స్త్రీయే, 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. అది విన్న ఆదివారం మా పెద్దమ్మ గుడిలో చివరి బల్ల మీద నుంచి లేచి వచ్చి ముందు వరుసలో కూర్చున్నది. ఎందుకు కూర్చున్నదో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

నారాయణపేట నుంచి వచ్చినదాన్ని

నేను బోడుప్పల్‌లో ఉంటాను, ఇళ్లలో పని చేసుకుంటూ చదువుకొని ఇప్పుడు ఒక కార్యాలయంలో ఉద్యోగం చేస్తున్నాను. మా మేనత్త జోగిని. ఆమెకు తొమ్మిదో ఏట దేవతతో పెళ్లి చేశారు. ఆ పెళ్లికి ఊరి పెద్దలు పందిరి వేశారు, మా తాత చేత అప్పు చేయించారు. ఆ తరువాత ఆమె ఊరందరిదీ అయింది. ఆమె పిల్లలకు బడిలో తండ్రి పేరు దగ్గర ఖాళీ. జోగినిగా మార్చడాన్ని 1988లోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ నేరం చేసింది. ఆ చట్టం ఉన్నదని మా మేనత్తకు తెలిసేసరికి ఆమెకు నలభై ఏళ్లు.

ఆషాఢంలో సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడిలో బోనాల మరునాడు రంగం జరుగుతుంది. పచ్చి కుండ మీద నిలబడి ఒక స్త్రీ అమ్మవారై మాట్లాడుతుంది. మంత్రులు, పెద్ద అధికారులు చేతులు కట్టుకొని వింటారు. వానలు పడతాయా అని అడుగుతారు, పూజలు సరిగా చేయడం లేదని ఆమె కోపగిస్తే తల వంచుతారు. 2014లో బోనాలు రాష్ట్ర పండుగ అయ్యాక టీవీల్లో రాష్ట్రమంతా చూస్తున్నది. ఆ దృశ్యం చూసినప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది, నాకు కూడా అమ్మవారి మీద నమ్మకం ఉన్నది. అయితే మా మేనత్త కూడా జాతరలో అమ్మవారి ముందు ఆడిన మనిషే. ఆమె ఒంటి మీదికి అమ్మవారు వచ్చినప్పుడు ఊరి పెద్దలు కాళ్లకు మొక్కారు, తెల్లారి ఆమె బావి దగ్గరికి పోతే నీళ్లు వాళ్లే పోశారు, చేద తాకనివ్వలేదు. ఇక్కడ అందరూ స్త్రీ అని, మతం అని రాస్తున్నారు. మాకు కులం కలపకుండా ఆ రెండూ అర్థం కావు. అగ్రకులం ఇంటి ఆడపిల్లను జోగినిగా చేసిన ఊరు నేను ఇంతవరకు చూడలేదు.

నూర్‌ఖాన్ బజార్ టీచర్

చెల్లీ, నీ మాట మా దగ్గరా వర్తిస్తుంది. 1991లో పదేళ్ల హైదరాబాద్ బాలికను అరవై ఏళ్ల గల్ఫ్ షేక్ పెళ్లి చేసుకొని విమానంలో తీసుకుపోతుంటే, ఆమె ఏడుపు గమనించిన ఎయిర్‌హోస్టెస్ అడ్డుకున్న సంగతి దేశమంతా విన్నది. అటువంటి నికాహ్‌లు బంజారాహిల్స్ బంగళాల్లో జరగలేదు. అద్దె కట్టలేని ఇళ్లలో జరిగాయి. దాని గురించి మతం పేరున ఎంతో రాశారు, ఆ ఇళ్ల ఆకలి గురించి తక్కువ రాశారు.

ఉస్మానియా విద్యార్థిని

నేను హిజాబ్ వేసుకుంటాను, మా అక్క వేసుకోదు, ఒకే మంచం మీద నిద్రపోతాము. 2022 సంవత్సరాన్ని నేను మరచిపోలేను. మార్చి 15న కర్ణాటక హైకోర్టు, హిజాబ్ ఇస్లాంలో తప్పనిసరి ఆచారం కాదు కాబట్టి కళాశాలలు దానిని వద్దనవచ్చునన్నది. సెప్టెంబరు 16న ఇరాన్‌లో మహసా అమీనీ, హిజాబ్ సరిగా లేదని పోలీసులు పట్టుకుపోయాక, చనిపోయింది. ఆమె ఇరవై రెండేళ్ల పిల్ల. అక్టోబరు 13న మన సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరొక అభిప్రాయం చెప్పగా, కర్ణాటక విషయం పెద్ద ధర్మాసనానికి వెళ్లింది. ఉడుపిలో గేటు దగ్గర తీయమన్నారు, టెహ్రాన్‌లో వీధిలో వేయమన్నారు. ఫ్రాన్స్ 2004 నుంచి బడుల్లో వద్దంటున్నది. అఫ్గానిస్తాన్‌లో తాలిబాన్ ఆరవ తరగతి దాటిన ఆడపిల్లకు బడే వద్దన్నది. ఇరాన్ అమ్మాయిల కోసం నేను ఏడ్చినప్పుడు నా స్నేహితురాలొకతె "మరి నువ్వెందుకు తీయవు" అన్నది. ఆ మాట నన్ను ఎంత నొప్పించిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. వాళ్లు అడుగుతున్నదీ నేను అడుగుతున్నదీ ఒకటే.

2024 మే 13న, నేను మొదటిసారి ఓటు వేసిన రోజున, మా హైదరాబాద్ నియోజకవర్గంలో ఒక అభ్యర్థి పోలింగు కేంద్రంలో బురఖా వేసుకున్న ఓటర్ల ముసుగు ఎత్తించి కార్డులు పోల్చి చూశారని పోలీసులు కేసు నమోదు చేశారు. పరదా పాటించే ఓటరు ముఖం చూడవలసి వస్తే మహిళా సిబ్బంది చాటున చూడాలన్న ఏర్పాటు ఎన్నికల సంఘం నియమాల్లోనే ఉన్నది. వరుసలో నా వెనుక నిలబడిన పెద్దావిడ ఆ వీడియో చూశాక, ఇంకోసారి రానని అన్నది. ఆమెను ఎలా తీసుకురావాలో నాకు తెలియడం లేదు.

నాంపల్లి పాఠకుడు

ఓటు మాట వచ్చింది కాబట్టి ఒక్క విషయం. చట్టసభల్లో స్త్రీలకు మూడో వంతు స్థానాలిచ్చే 106వ రాజ్యాంగ సవరణ 2023 సెప్టెంబరులో లోక్‌సభలో 454-2 ఓట్లతో గెలిచింది. వ్యతిరేకించిన ఇద్దరిలో ఒకరు మన హైదరాబాద్ సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీ. వెనుకబడిన తరగతుల, ముస్లిం స్త్రీలకు ఉపకోటా లేదన్నది ఆయన పార్టీ చెప్పిన కారణం. ఆ వాదనలో బలం ఉన్నది, నారాయణపేట అమ్మాయి మాట చదివాక అది ఇంకా బలంగా కనిపిస్తున్నది. కానీ ఉపకోటా అడిగే పార్టీ, అడగని పార్టీ, ఏ పార్టీ అయినా చట్టం అమలుకు ఆగకుండానే తన జాబితాలో స్త్రీలకు మూడో వంతు టికెట్లు ఇవ్వవచ్చు. ఇవ్వడానికి, ఆ చట్టం అమలులాగా, ఏ జనగణన కోసమూ ఆగనక్కరలేదు. 2014లో ఏర్పడిన తెలంగాణ తొలి మంత్రివర్గంలో నాలుగేళ్లకు పైగా ఒక్క స్త్రీ లేదు. 2023లో 119 మందిలో పదిమందే గెలిచారు. బల్దియాలో (నగరపాలక సంస్థలో) సగం స్థానాలు స్త్రీలవి, అయినా మా డివిజనులో కార్పొరేటరమ్మ నంబరుకు ఫోను చేస్తే భర్త ఎత్తుతారు.

లాల్‌దర్వాజ

ఇంతమంది రాశారు, మా గురించి ఎవరూ అనలేదు. నేను ట్రాన్స్ స్త్రీని. ఈ హైదరాబాద్‌లో నిజాం కాలంలో, 1329 ఫసలీలో, అంటే 1919లో, మాలాంటివారి పేర్లు పోలీసు రిజిస్టరులో రాయాలని, ఆడవేషంలో బజారులో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చని ఒక చట్టం చేశారు. రాజులు పోయారు, రాష్ట్రాలు మారాయి, ఆ చట్టం పోలేదు. 2023 జూలైలో హైకోర్టు దానిని కొట్టివేసింది. బోనాలప్పుడు నేను తల మీద బోనం ఎత్తుకుంటే మా గల్లీలో పిల్లలను తెచ్చి నా కాళ్లకు నీళ్లు పోయిస్తారు. అదే గల్లీలో పదకొండు ఇళ్లు అడిగాను, అద్దెకు ఇవ్వలేదు. 2024 చివరిలో ట్రాఫిక్ విభాగంలో మావాళ్లను సహాయకులుగా తీసుకున్నారు. కూడలిలో యూనిఫాంలో నిలబడిన మా మనిషిని చూసి మొదటిరోజు నేను బస్సు దిగి, కాసేపు అక్కడే నిలబడ్డాను.

సుల్తాన్‌బజార్

అమ్మా, మా ఇంటి మేడ మీద ఆ చిన్న గది ఖాళీగానే ఉన్నది. ఇప్పుడు దానికి కిటికీ పెట్టించాము. ఇంట్లో మాట్లాడి మీకు విడిగా రాస్తాను.

పేరు చెప్పలేని సభ్యురాలు

నేను ఇన్నాళ్లూ చదువుతూనే ఉన్నాను. మా చెల్లెలు ఖులా (భార్య కోరే విడాకులు) అడిగి ఏడాదిన్నర అవుతున్నది. మేము వెళ్లిన చోట, భర్త సంతకం లేనిదే కాగితం ఇవ్వమంటున్నారు. అతను ఊళ్లో ఉండడు, ఫోను ఎత్తడు. ఆమె మెహర్ (పెళ్లిలో భర్త ఇచ్చే సొమ్ము) తిరిగి ఇస్తానంటున్నది. ఏమి చేయాలో వకీలు గారు చెప్పగలరా?

వకీలు, పురానీహవేలీ

అమ్మా, 2025 జూన్‌లో మన హైకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ విషయం తేల్చి చెప్పింది. ఖులా కోరడం భార్యకు పూర్తి హక్కు, దానికి భర్త అంగీకారం అవసరం లేదు. ముఫ్తీ (ఇస్లాం ధర్మశాస్త్ర పండితుడు) ఇచ్చేది సలహా మాత్రమే, ఆయన కాగితం లేదని ఖులా ఆగదు. కుటుంబ న్యాయస్థానంలో దరఖాస్తు వేయండి. ఆమె నిజంగా ఖులా కోరిందా, రాజీకి ప్రయత్నం జరిగిందా, మెహర్ తిరిగి ఇస్తానన్నదా అని క్లుప్తంగా విచారించి కోర్టు నిర్ధారిస్తుంది, సుదీర్ఘమైన విచారణ అక్కరలేదు. నికాహ్‌నామా అసలు ప్రతి, మీరు రాజీకి పిలిచినట్టు చూపే సందేశాలు, ఖులా అడిగిన కాగితం నకలు తీసుకురండి. ఫీజు గురించి బెంగ పడవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. పిల్లలుంటే వారి భరణానికి వేరే దరఖాస్తు ఈ రోజే సిద్ధం చేయండి. ఉత్తర్వు వచ్చాక భర్త డబ్బు ఆపితే ఏడాదిలోపు వసూలు దరఖాస్తు వేయాలి, ఆ గడువు తెలియక నష్టపోయినవారిని చాలామందిని చూశాను.

పేరు చెప్పలేని సభ్యురాలు

కోర్టు అంటే చెల్లెలు భయపడుతున్నది. ఇంట్లో మగవాళ్లు ఎవరూ తోడు రామన్నారు.

నూర్‌ఖాన్ బజార్ టీచర్

నాకు విడిగా సందేశం పంపు. పురానీహవేలీ మా బడికి దగ్గరే. మంగళవారం మధ్యాహ్నం సెలవు పెడుతున్నాను, మీ ఇద్దరితో నేను వస్తాను. ఆమెకు ఏదైనా తినిపించి తీసుకురా, అక్కడ చాలాసేపు కూర్చోవలసి ఉంటుంది.